లిథియం నల్లబడిన వానాకాలం

చేతులు కడుక్కొమ్మని ఆయన నాకు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఎక్కడ నిలబడి చెప్పాడో, పక్కన ఎవరున్నారో నాకు గుర్తుంది. మొదటిసారి గ్లవ్ బాక్స్ దగ్గర, రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి ముందు. రెండోసారి కారిడార్‌లో, ఊడ్చే ఆమె చీపురు ఆపి వింటుండగా. మూడోసారి కాగితం మీద, సంతకం పెట్టి, ముద్ర వేసి. మొదటి రెండూ గాలిలో పోయే మాటలే, కానీ నేను పోనివ్వలేదు. మూడోది ఫైల్‌లో ఉంది. ఆ ఫైల్ గురించే ఇదంతా.

నేను బొల్లారంలో ఒక మందుల కంపెనీలో పంతొమ్మిదేళ్లు పనిచేశాను. గాలి తగిలితే అంటుకునే ద్రావకాలను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మార్చడం నా పని. ఇన్నేళ్లలో నా చేతుల మీద ఒక్క కాలిన మచ్చ లేదు. ఆ పనిలో మచ్చ లేని చెయ్యి అంటే ఏమిటో కంపెనీ బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లను అడిగితే చెబుతారు. కంపెనీ మూతపడ్డాక ఈ ఉద్యోగం దొరికింది. పటాన్‌చెరు దాటాక హైవే నుంచి లోపలికి వస్తే ఒక పాత మందుల యూనిట్ షెడ్డు ఉండేది. దాన్ని ఎవరో కొని చిన్న పరిశోధన కేంద్రంగా మార్చారు. గోడలకు కొత్త రంగు వేశారు గానీ వెనక గ్యాస్ సిలిండర్ల యార్డు, అక్కడి నుంచి లోపలికి వచ్చే పైపులు పాతవే ఉంచారు. నన్ను ప్రయోగశాల సహాయకుడిగా కాంట్రాక్టు మీద తీసుకున్నారు. తీసుకున్నది నా చేతులను చూసే. ఇది మరిచిపోకండి, ఎందుకంటే వాళ్లు మరిచిపోయారు.

ప్రయోగశాలకు పెద్ద ఒక సార్. చేతులు కడుక్కొమ్మన్నది ఆయనే. నాకంటే పదేళ్లు చిన్న. మొదటిరోజు నుంచే నన్ను నువ్వు అన్నాడు. స్టోర్స్ చూసే మనిషి నాకంటే ఇంకా చిన్న, అతన్ని మీరు అనేవాడు. అతనికి డిగ్రీ ఉందట.

అక్కడి పని ఏమిటో చెప్పాలి. పెన్సిల్ ముక్కులోని నలుపు పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒక్క పొరను, ఒక పరమాణువు మందం ఉన్నదాన్ని, గ్రాఫీన్ అంటారు. కందిపప్పు బద్దంత పలక మీద అలాంటి పొరలు రెండు ఉంటాయి. వాటి మధ్యకు కాల్షియం పరమాణువులను పంపాలి. కాల్షియం నేరుగా పోదు. ముందు లిథియంను పంపుతారు. లిథియం చిన్నది, సందు చేసుకుని దూరి పొరలను ఎడం చేస్తుంది. ఆ తర్వాత కాల్షియం ఆవిరిని పంపితే అది వచ్చి ఆ చోట్లో కూర్చుంటుంది, లిథియం బయటికి పోతుంది. పేరు మాత్రం కాల్షియందే. అమ్మాయి నాకు ఈ సంగతి వివరించిన రోజే, ఈ లిథియం నాకు బాగా తెలిసిన మనిషిలా ఉందే అనుకున్నాను.

అలా తయారైన ముక్కను చల్లబరుస్తారు. ఇంతకంటే చల్లదనం ఉండదు అనే హద్దు ఒకటుందట, దానికి నాలుగు డిగ్రీల పైదాకా దించుతారు. అక్కడ ఆ ముక్కలో కరెంటుకు అడ్డు ఉండదు. తగ్గడం కాదు, అసలే ఉండదు. రాగి తీగలో కూడా కరెంటు ఎంతో కొంత రాపిడి పడుతూ, వేడి పుట్టిస్తూ పోతుంది. ఇందులో రాపిడి లేదు, వేడి లేదు. అతివాహకత అంటారు. మామూలుగా కాల్షియం విడిగా ఈ పని చేయదు, ఆ రెండు పొరలూ విడిగా చేయవు. అంత పలచటి చోట రెండూ కలిస్తేనే.

నా పని గ్లవ్ బాక్స్. అద్దం ముఖం ఉన్న పెద్ద పెట్టె, అందులో గాలి బదులు ఆర్గాన్ గ్యాస్. పెట్టెకు బిగించిన మందపాటి రబ్బరు చేతుల్లోకి మన చేతులు దూర్చి పని చేయాలి. లిథియం కడ్డీ నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి, చిన్న గిన్నెలో పెట్టి, మూత బిగించి, ఆవిరి చేసే యంత్రానికి పంపాలి. కొత్తగా కోసిన లిథియం వెండిలా మెరుస్తుంది. ఆ మెరుపు పోకముందే పని అయిపోవాలి. పెట్టె మీద రెండు మీటర్లు ఉంటాయి. ఒకటి లోపల ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంది, ఇంకోటి తేమ ఎంతుందో చెబుతుంది. రెండూ సున్నాకు దగ్గర ఉంటే పెట్టె బాగున్నట్టు.

ఎండాకాలంలో ఒక ముక్క పని చేసింది. కంప్యూటర్ తెర మీద, కరెంటుకు అడ్డు ఎంతుందో చూపే గీత మెల్లగా కిందికి వస్తూ వస్తూ, ఒక్కచోట నిట్టనిలువునా పడిపోయి అడుగున పరుచుకుంది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సార్ చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాడు. ఫొటో దిగుదామన్నారు. సార్ తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తియ్యి. అందరూ పడేట్టు చూడు."

అందరూ పడ్డారు. ఆ లిథియం కోసిన మనిషి తప్ప.

ఇక స్టోర్స్ మనిషి. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాడు. అతనూ బొల్లారం కంపెనీల్లో పనిచేసి వచ్చినవాడే. మొదటి ఏడాది మేమిద్దరం రోజూ గేటు ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగేవాళ్లం. ఆ తర్వాత వచ్చిన ఉగాది ముందు చెడింది. ఆర్గాన్ సిలిండర్ మార్చడానికి యార్డు తాళంచెవి అడిగాను.

"ఈడ సంతకం బెట్టు అన్నా. తాళంచెవి ఎవ్వరికిచ్చినా సంతకం దీస్కోమన్నరు."

"నాతోనా సంతకం?"

"నీతోనే. నువ్వేమన్న ఓనరువా? జీతం దీస్కునేటోనివే గద, నా లెక్కనే."

అక్కడ ఇద్దరు వెల్డర్లు, సెక్యూరిటీ అతను ఉన్నారు. ముగ్గురూ నవ్వారు. నేను తాళంచెవి తీసుకోకుండానే వచ్చేశాను. ఆ రోజు నుంచి యార్డులో కాలు పెట్టలేదు. సిలిండర్ అయిపోతే అమ్మాయితో ఫోన్ చేయించేవాణ్ని, అతనే మార్చేవాడు. ఎదురుపడి నమస్తే అంటే గోడ వైపు చూసేవాణ్ని. ఇందులో నాకు పశ్చాత్తాపం లేదు. కానీ జరిగింది జరిగినట్టు చెబుతున్నాను కాబట్టి ఇదీ చెప్పాలి.

వానలు మొదలయ్యాయి. లిథియం నల్లబడటం మొదలైంది.

పొద్దున కోసిన ముక్క మధ్యాహ్నానికి మెరుపు తగ్గేది. మర్నాటికి అక్కడక్కడా మచ్చలు లేచేవి, నేరేడు పండ్లు తిన్న నాలుక రంగులో. కడ్డీకి కూడా అదే రంగు పట్టుకుంది. ఆ ముక్కలతో చేసినవేవీ పని చేయలేదు. తెర మీద గీత కిందిదాకా వచ్చి, పడకుండా అలాగే నిలబడేది. ఒకటి, రెండు, అయిదు. అమ్మాయి భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోవడం నేను చూశాను. ఆమె థీసిస్ దీని మీదే.

సార్ వచ్చి రెండు మీటర్లూ చూశాడు.

"ఆక్సిజన్ లేదు. తేమ లేదు. బాక్స్ బాగుంది. ఇక మిగిలింది నీ చేతులు."

"సార్, నా చెయ్యి రబ్బరు లోపల ఉంటది. లిథియం రబ్బరు అవతల ఉంటది."

"కత్తి, పట్టకారు కడిగి లోపలికి పంపేది ఎవరు? నువ్వే కదా. ఇది ఫ్యాక్టరీ కాదు. ముందు చేతులు సరిగ్గా కడుక్కో."

అది మొదటిసారి. వారం తర్వాత కారిడార్‌లో నన్ను ఆపి గోళ్లు చూపించమన్నాడు. నాకు యాభై రెండేళ్లు. బడిలో కూడా నన్నెవరూ గోళ్లు చూపించమనలేదు. చూపించాను. చూసి, "అయినా ఇంకోసారి కడుక్కో" అన్నాడు. అది రెండోసారి.

నేను ఊరుకునే రకం కాదు. మర్నాడే అమ్మాయిని అడిగాను.

"బిడ్డా, రెండు దినాలు నేను బాక్స్ ముట్ట. కత్తి నువ్వే కడుగు, నువ్వే కొయ్యి. నేను తలుపు బయట కుర్చేసుకుని కూసుంట. సూద్దాం నల్లబడ్తదో లేదో."

"ఎందుకంకుల్ ఇదంతా? మీ తప్పు కాకపోవచ్చని సార్‌కి నేను చెప్పాను."

"కాకపోవచ్చా? కాదు అని చెప్పొద్దా?"

ఆమె తల దించుకుంది. కానీ చేసింది. కోస్తా వైపు పిల్ల, మాట మెత్తన, పని గట్టి. రెండు రోజులు నేను బయట కుర్చీలో కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లందరూ నన్ను చూసి, ఏం పెద్దాయనా, కాపలా పెట్టారా అన్నారు. ఎవరెవరన్నారో తెలుసు. రెండోరోజు సాయంత్రం అమ్మాయి అద్దం దగ్గర నుంచి నన్ను పిలిచింది. ఆమె కడిగిన కత్తితో ఆమె కోసిన ముక్క, అదే నేరేడు రంగు.

సార్‌కు చెప్పాం. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నాడు: "ఇన్నాళ్లు ఇతని చేతుల వల్ల బాక్స్ మొత్తం పాడైంది. ఇప్పుడు ఎవరు కోసినా అంతే అవుతుంది."

ఇక ఏ ప్రయోగం చేసి ఆ మాటను తప్పని చూపిస్తాం? చేతులు పెడితే నా తప్పు. పెట్టకపోతే పెట్టినందుకు నా తప్పు.

మూడోరోజు మెమో వచ్చింది. అందులో ఇలా ఉంది: ప్రయోగశాల సహాయకుని చేతి శుభ్రత లోపం వల్ల నమూనాలు చెడిపోయినట్టు గమనించడమైనది. చేతులు కడుక్కొనుట మొదలైన ప్రాథమిక నియమాలు పాటించవలెనని పలుమార్లు సూచించినను ఫలితం లేకపోయినది. రాబోయే నెల మొదటి తేదీ నుంచి ఇతనిని గ్లవ్ బాక్స్ పని నుంచి తప్పించి స్టోర్స్ విభాగానికి బదిలీ చేయడమైనది.

స్టోర్స్‌కు. అతని కింద పని, ఆ తాళంచెవి కోసం రోజూ సంతకం. నాకు పన్నెండు రోజులు మిగిలాయి.

ఇంట్లో మా ఆవిడ కాగితం చదివి, "ఏ పనైతేంది, జీతం అదే గద" అంది. జీతం అదే. కానీ పంతొమ్మిదేళ్లు బొల్లారంలో, ఆ తర్వాత ఇక్కడ, నేను సంపాదించింది ఆ చేతులు ఒక్కటే. వాటికి మచ్చ ఉందని ముద్ర వేసి రాశారు. అది తీసేదాకా నాకు అన్నం సహించదని చెప్పాను. ఆమె అన్నం వడ్డించింది. తిన్నాను, కానీ సహించలేదు.

నల్లబడిన ముక్క ఒక్కటీ నేను పారేయలేదు. మొదటి ముక్క నుంచీ ప్రతిదాన్నీ బాక్స్ లోపలే చిన్న సీసాల్లో వేసి, మూత బిగించి, చీటీ అంటించి, తేదీ రాసి దాచాను. ఎందుకని అమ్మాయి అడిగితే సాక్ష్యం అన్నాను. మెమో వచ్చిన మర్నాడు తొమ్మిది సీసాలు ఒక ట్రేలో పెట్టుకుని సార్ గదికి వెళ్లాను. అమ్మాయి కూడా వచ్చింది. బయట వాన. కిటికీ తెరిచి ఉంది.

"సార్, ఇవి మీరు కళ్లతో చూడాలె. చెమట తగిలిన లిథియం గిట్ల ఉండదు. తెల్లగ పూత పడ్తది. నేను సూసిన."

ఒక సీసా మూత తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చూడలేదు, ఫోన్‌లో ఏదో రాస్తున్నాడు. రెండోది తీశాను. మూడోది తీసేసరికి నాకు ముక్కు దగ్గర ఏదో తగిలింది. ఆ వాసన నాకు తెలుసు. బొల్లారంలో ఆ గ్యాస్ పైపు ఎక్కడన్నా ఇంత కారితే చాలు, షిఫ్ట్ మొత్తంలో మొదట పసిగట్టేది నేనే.

"సార్, అమ్మోనియా."

"ఏమిటి?"

"అమ్మోనియా వాసన. ఈ ముక్కల్లోకెళ్లి వస్తున్నది."

ఆయన నవ్వాడు. "బొల్లారం వదిలి వచ్చావు గానీ, అది నీ ముక్కులోంచి పోలేదయ్యా."

అమ్మాయి వంగి సీసా దగ్గర ముక్కు పెట్టి, వెంటనే తల వెనక్కి తీసుకుంది. "నిజమే సార్. బస్టాండ్ బాత్‌రూమ్ వాసన."

ఆయన నవ్వు ఆగింది. వానగాలిలోని తేమ తగిలి ఆ నలుపు అమ్మోనియాను వదులుతోంది. అమ్మోనియా అంటే అందులో నైట్రోజన్ ఉండాలి. ఆ నైట్రోజన్ లిథియంలోదీ కాదు, ఆర్గాన్‌లోదీ కాదు, నా చేతులదీ కాదు. పెట్టెలో నైట్రోజన్ ఉంటే లిథియం దాన్ని పట్టుకుని ఇలా నల్లబడుతుంది. పెట్టె మీద రెండు మీటర్లు ఆక్సిజన్‌ను, తేమను మాత్రమే కనిపెడతాయి. నైట్రోజన్‌ను అడిగే మీటరే లేదు. కాబట్టి పెట్టె మంచిదయింది, నేను చెడ్డవాడినయ్యాను.

"నైట్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది? మనం వాడేది ఆర్గాన్" అన్నాడు సార్, ఎవరినో తిడుతున్నట్టు.

నేను నేరుగా బయటికి నడిచాను. ఉగాది తర్వాత మొదటిసారి స్టోర్స్ గదికి పోయి, బల్ల మీదున్న పుస్తకంలో సంతకం పెట్టి, తాళంచెవి తీసుకున్నాను. స్టోర్స్ మనిషి నోరు తెరిచి చూసి, నా వెనకే గొడుగు పట్టుకుని వచ్చాడు. యార్డు తలుపు తీశాను. ఆర్గాన్ సిలిండర్ నీలం రంగు. అక్కడ మా పైపుకు బిగించి ఉన్నవి రెండూ బూడిద రంగు, మెడ నలుపు. నైట్రోజన్.

"గివేంది ఈడ?"

"నైట్రోజన్ అన్నా. వానల మొదట్ల ఆర్గాన్ బండి రాలే. వెల్డింగోళ్లు ఉన్నకాడికి ఎత్కపోయిన్రు. పని ఆగొద్దని పక్క కంపెనీల చేబదులు దెచ్చిన. ఆనికెళ్లి గదే నడుస్తున్నది."

చేబదులు మా ఫ్యాక్టరీల బెల్టులో ఎప్పటినుంచో ఉన్నదే. గోడ ఇవతల డ్రమ్ము అయిపోతే గోడ అవతల స్టోర్స్ మనిషికి ఒక కేక వేస్తారు. ఇచ్చేది కాగితం మీద ఎక్కదు, తిరిగి ఇచ్చేదీ ఎక్కదు. అలాగే కంపెనీలు నడిచాయి. నేనూ అలా తెప్పించినవాణ్నే.

"తెచ్చినోనివి చెప్పొద్దా?"

"ఎవ్వలకు జెప్పాలె? నమస్తే అంటే నువ్వు గోడకు జూస్తివి. సార్‌కు ఫోన్ జేస్తే, ఏదో ఒకటి చేసి బాక్స్ ఆగకుండ చూడండి, నన్ను విసిగించకండి అన్నడు. ఆగకుండ జూసిన."

"లిథియంకు నైట్రోజన్ పడదు. తెల్వదా నీకు?"

అతను గొడుగు కింద నుంచి నన్ను వింతగా చూశాడు.

"నువ్వే గదనే చెప్పింది! చాయ్ హోటల్ల. మా కంపెనీల లిథియం పంతొమ్మిదేండ్లు నైట్రోజన్ దుప్పట్లనే పండుకున్నది, ఒక్కనాడు లేవలే అంటివి. ముగ్గురికి చాయ్ తాపించి మరీ చెప్పినవు. గా మాట యాదికొచ్చే బిగించిన."

 వాన గొడుగు మీద పడుతోంది. నాకు మెల్లగా గుర్తొచ్చింది. అవును, అన్నాను. బొల్లారంలో మంట అంటుకునే ప్రతిదాని మీదా నైట్రోజన్ నింపి ఉంచుతాం, దాన్ని దుప్పటి కప్పడం అంటాం. మేం వాడింది బ్యుటైల్ లిథియం, సీసాలో వచ్చే ద్రవం. అందులో లిథియం అప్పటికే వేరేదానితో పెనవేసుకుని ఉంటుంది, నైట్రోజన్ జోలికి పోదు. ఇక్కడ ఉన్నది ఒట్టి లోహం. ఈ తేడా ఇక్కడ చేరిన మొదటి వారమే అమ్మాయి నాకు చెప్పింది. చాయ్ హోటల్లో నేను గొప్పగా మాట్లాడుతున్నప్పుడు మాత్రం లిథియం అనే అన్నాను. వినేవాడు గుర్తుపెట్టుకున్నాడు. జనం నన్ను అన్నవి ఒక్కటీ మరిచిపోని నేను, నేను అన్నది మరిచిపోయాను.

ఆ సాయంత్రం మూడు పేజీల లేఖ రాశాను. అమ్మోనియా సంగతి, బూడిద రంగు సిలిండర్ల సంగతి, మీటర్ల సంగతి, సార్ ఫోన్‌లో అన్న మాట, నేను యార్డుకు పోవడం మానేసిన సంగతి. చాయ్ హోటల్ మాట దగ్గర కలం ఆగింది. అది రాస్తే సార్ దాన్నే పట్టుకుంటాడని తెలుసు. రాయకపోతే లేఖలో ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నం ఎక్కడుందో స్టోర్స్ మనిషికి తెలుసు. ఎన్నో ఫిర్యాదులు రాసినవాణ్ని. కన్నం ఉన్న ఫిర్యాదు నిలబడదు. రాశాను. చివర, మెమోను లిఖితపూర్వకంగా రద్దు చేయాలని కోరాను. ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను.

సార్ నన్ను పిలవలేదు. కానీ రెండు రోజుల్లో నీలం సిలిండర్లు వచ్చాయి. పెట్టెలో గ్యాస్ అంతా మార్చాం. కొత్త కడ్డీ తెప్పించారు. కోసిన ముక్క మర్నాడు కూడా వెండిలాగే ఉంది, వారం తర్వాత కూడా. ఒకటో తేదీ వచ్చింది, వెళ్లింది. నన్ను స్టోర్స్‌కు పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమని కూడా అనలేదు. నేను మామూలుగా వచ్చి రబ్బరు చేతుల్లోకి చేతులు దూర్చాను.

కొత్త ముక్క చల్లబడుతున్న రోజు అందరం తెర ముందు ఉన్నాం. గీత దిగుతూ వచ్చింది, నాలుగు డిగ్రీల దగ్గర నిట్టనిలువునా పడింది. అడుగున పరుచుకుని ఇక కదల్లేదు. అమ్మాయి ఈసారి నోరు మూసుకోలేదు, గట్టిగానే అరిచింది. స్టోర్స్ మనిషి కూడా తలుపు దగ్గర నుంచి తొంగిచూశాడు. ఫొటో అన్నారు.

"అంకుల్, ఈసారి మీరు మధ్యలో నిలబడాలి. రండి" అంది అమ్మాయి.

"వస్త బిడ్డా. ఆ మెమో వాపస్ తీసుకున్నంక వస్త."

 సార్ నవ్వాడు. "ఇంకా అదేనా? అయిపోయింది కదా, పని నడుస్తోంది కదా. నువ్వన్న మాట వల్లే కదా అసలు మొదలైంది?"

"అది నేను రాసిచ్చిన సార్. మూడో పేజీల ఉంది. మీరు రాసింది ఇంకా ఫైల్ల ఉంది."

"మెమోదేముంది, ఎవరు చూస్తారు?"

"నేను చూస్త సార్."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. స్టోర్స్ మనిషి ఫోన్ అందుకుని ఫొటో తీశాడు. నేను పట్టకార్లు కడగడానికి పోయాను.

ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తేదీన అదే లేఖ కొత్త తేదీ వేసి ఇస్తున్నాను. ఆఫీసులో ముద్ర వేసే అతను ఇప్పుడు నన్ను చూడగానే సిరా డబ్బా తెరుస్తాడు. అమ్మాయి, పోనీ వదిలేయండంకుల్ అంటుంది. స్టోర్స్ మనిషి చాయ్‌కి పిలుస్తాడు, పోను. సిలిండర్ వచ్చినప్పుడు మాత్రం యార్డుకు నేనే పోతాను. పుస్తకంలో సంతకం పెట్టి, తాళంచెవి తీసుకుని, రంగు నా కళ్లతో చూసి, నా చేతులతో బిగించి వస్తాను. సార్ ఆ మెమో మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ఒక సంతకం పెడితే అయిపోతుంది. ఆయన చేతులకు అది పెద్ద పనేమీ కాదు.

మెమో ఇంకా ఫైల్‌లోనే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను.